ఆవిరి ఏతానికి మౌనకట్టు

తామ్రకూట రాజ్యానికి తూర్పు పొలిమేర కింశుక నది. ఫాల్గుణం వచ్చిందంటే ఆ నది రెండు గట్ల మీదా మోదుగులు పూస్తాయి. ఆకు ఒక్కటీ కనిపించదు. కొమ్మ కొమ్మకూ నిప్పురవ్వలు గుచ్చినట్టు పువ్వులే. ఆ ఎరుపు నీళ్ళలో పడి, నీళ్ళ కింది ఇసుకలో రాగిరజను మెరిసి, మధ్యాహ్నపు ఎండలో నదంతా మూసలో కరుగుతున్న లోహంలా కదులుతుంది. పరదేశపు వర్తకులు ఆ నది రేవు దగ్గరికి రాగానే ముందు గంటలు వింటారు, ఆ తరువాతే మనుషుల్ని చూస్తారు. తామ్రకూటం గంటల దేశం. ఎద్దు మెడకు గంట, ఏనుగు పక్కకు గంట, గుడికి గంట, గనికి గంట, ఆఖరికి చంటిపిల్ల మొలతాడుకు కూడా కందిగింజంత గంట.

ఆ రోజు గుండన పడవలో కూర్చుని అవతలి గట్టు వైపు చెవి పెట్టాడు. ఒక్క గంట కూడా వినిపించలేదు.

గుండన గంటలు పోతపోసే ఇంట పుట్టినవాడు. అతని తండ్రి ఒక పెద్ద గుడిగంట పోస్తూ చనిపోయాడు. వానాకాలం కావడం వల్ల మట్టి అచ్చు లోపల తడి ఆరలేదు. కరిగిన కంచు ఆ తడి మీద పడగానే అచ్చు పేలి, లోపలి మట్టిదిమ్మ ఇంటికప్పు చీల్చుకుని పైకెగిరింది. గంటలో దయ్యం చేరిందని, శాంతి చేయించమని ఊరంతా చెప్పింది. గుండన మాత్రం కప్పుకు పడిన చిల్లును చూస్తూ ఒకటే అనుకున్నాడు. దోసెడు లేని తడి ఇంత బరువును ఇంతెత్తుకు విసిరితే, కొప్పెరెడు నీళ్ళు ఏం చేయలేవు? తండ్రి శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి సిగ్గు వేసింది. అయినా ఆలోచన పోలేదు. అది ఆవిరి ఏతంగా మారేలోగా అతని జుట్టు నెరిసిపోయింది.

ఆ ఏతం ఇప్పుడు ఎర్రగవి రాగిగనిలో నీళ్ళు తోడుతోంది. రాగి కొప్పెర కింద మంట, కొప్పెర పక్కన నిలువు గొట్టం, గొట్టంలో కంచుదిమ్మ. ఆవిరి తోస్తే దిమ్మ లేస్తుంది, లేచినప్పుడల్లా తెరుచుకునే తూము చన్నీళ్ళు చల్లితే దిగుతుంది. దానితోపాటు పైన ఏతపు మాను లేచి దిగుతూ గనిలోని ఊటనీటిని పైకి తోడి వాగులో పోస్తుంది. దిమ్మ చుట్టూ బిగించిన దున్నతోలు అరిగిపోయింది. కొత్త తోలు కోసమే గుండన నది దాటి పొరుగు రాజ్యానికి వెళ్ళాడు. అతను లేనప్పుడు మంట చూసేది అతని భార్య మాచమ. గని అడుగున రాయి కొట్టే వాళ్ళలో అతని తమ్ముడు నూకన ఒకడు.

"ఏం చెంగమా, మీ గట్టువాళ్ళకు ఏమైంది? బట్టలుతికే చప్పుడు కూడా లేదు," అన్నాడు గుండన.

పడవ నడిపే చెంగమ తెడ్లకు గోనెపట్టా చుడుతోంది. "మెల్లగా అన్నా, మెల్లగా. ఏటి నడుమ దాకా నీ నోరు నీది. నడుమ దాటితే రాజుగారిది."

"ఎవరు పోయారు?"

"రాజమాత హేమలాంబ. మౌనకట్టు వేశారు. చితిలో బూడిద చల్లారేదాకా కిక్కురుమంటే నాలుక తెగ్గోస్తారు. ఆ బూడిదేమో గంధపు చెక్కలది, ఎప్పటికి చల్లారుతుందో."

తామ్రకూటంలో అది పాత ఆచారం. రాజకుటుంబంలో చావు జరిగితే దేశమంతా నోరు మూసుకోవాలి. కట్టుబంట్లు అనే రాజభటులు తెల్లగుడ్డ పేలికలు సంచుల్లో నింపుకుని ఊరూరా తిరిగి గంటల నాలుకలకు గుడ్డ చుడతారు, కుక్కల మూతులు కడతారు, రోళ్ళు బోర్లిస్తారు. ఆ రోజుల్లో మరో ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళు కూడా ఏడవకూడదు. దేశంలో దుఃఖం ఒక్కరిదే కావాలి.

"గంటలన్నీ కట్టేశారా?"

"గంటలేంటి, మా అత్త దగ్గును కూడా కట్టేశారు. నోట్లో గుడ్డ కుక్కుకుని మూలన కూర్చుంది. పాపమే అనుకో. కానీ పెళ్ళయి వచ్చాక ఇంత ప్రశాంతంగా నేను అన్నం తిన్నది ఇవాళే."

గుండన నవ్వలేదు. "ఎర్రగవికి కూడా వెళ్ళారా?"

"వెళ్ళకేం? పొద్దున్నే దళవాయి బొల్లరాజు పోయాడు. ఆ దయ్యపు ఏతం బుసలు చితి దాకా వినిపిస్తున్నాయని రాజుగారు మండిపడ్డారట. జృంభక స్వామి కూడా వెంట పోయాడు. భూతం ఆయనదేగా, ఆయనే దాని నోరు మూయించాలని."

గుండన ఒళ్ళోని తోలుచుట్ట కిందికి జారింది.

కొప్పెర నెత్తిన ఒక చిల్లు, చిల్లు మీద బరువైన మూత ఉన్నాయి. ఆవిరి మితిమీరితే మూత తనంత తాను లేచి, బుస్సుమని వదిలి, మళ్ళీ కూర్చుంటుంది. గుండన దానికి ఊపిరిమూత అని పేరు పెట్టాడు. ఆ దేశం విన్న బుస అదే. దాన్ని కట్టేస్తే కొప్పెర పేలుతుంది, మాచమ పక్కనే ఉంటుంది. పోనీ మంట తీసేస్తే ఏతం ఆగుతుంది, ఊటనీరు పైకి లేచి నిచ్చెనల దారిని మూసేస్తుంది, నూకన వాళ్ళు లోపలే మునిగిపోతారు. వాళ్ళను పైకి రమ్మని చెప్పేది గనిగంట. దాని నాలుకకు ఈపాటికి గుడ్డ చుట్టే ఉంటారు.

"తొందరగా పోనియ్యి, చెంగమా!"

"అరవకన్నా, నడుమ దాటాం."

రేవు మెట్ల మీద కట్టుబంటు ఒకడు కాపలా ఉన్నాడు. ఉన్నాడంటే పడుకుని ఉన్నాడు. పక్కన కల్లుముంత దొర్లింది. వాడి గురక నీటి మీద అలలు లేపేటట్టుంది. చెంగమ వాడి వైపు చూసి, గుండన చెవిలో, "దేశమంతటినీ కట్టిన మొగుడు! వీణ్ణెవరు కడతారు?" అంది.

గుండనే కట్టాడు. వాడి సంచిలోని పేలికతోనే వాడి మూతి కట్టి, వాడి తెల్ల తలపాగా తన తలకు చుట్టుకుని, మూతిగుడ్డ వేసుకుని, సంచీ కత్తీ భుజాన తగిలించుకున్నాడు. వాడు నిద్రలో ఒకసారి మూలిగి, పక్కకు తిరిగి పడుకున్నాడు. ఎర్రగవి వైపు అడవిదారిలో గుండన పరుగు అందుకున్నాడు.

అది పగలే చీకటి కమ్మే అడవి. ఇప్పచెట్లు, ఏగిసచెట్లు, వాటి మీద పెనవేసుకున్న అడ్డతీగలు, తీగల సందుల్లోంచి నేల మీద రాలిన వెలుగుమచ్చలు. మామూలు రోజుల్లో ఆ దారిన పోయేవాడు చెవులతోనే నడుస్తాడు. ఎద్దుబండి గంట ఒక తీరు, ఏనుగు గంట ఒక తీరు. ఏనుగు గంట వినపడితే మనిషి దారి దిగి చెట్టు చాటుకు పోవాలి. ఆ రోజు ఏ గంటా లేదు. మలుపు తిరిగిన గుండన ఎదురుగా ఒక దంతపుటేనుగు నిలబడి ఉంది, తొండం చాచితే అందేంత దగ్గరలో.

చితికి గంధపు దుంగలు మోసుకుపోతున్న ఏనుగు అది. అలవాటైన గంట మోగక ఉదయం నుంచి బెదిరి ఉంది. గుండన భుజం మీది దున్నతోలు వాసన తగలగానే చెవులు విప్పింది. పైన మావటి రెండు కాళ్ళతో దాని చెవుల వెనక తన్నాడు. కానీ ఆ ఏనుగుకు చిన్ననాటి నుంచి తెలిసింది మావటి మాట. నిలు అంటే నిలిచేది, వెనక్కి అంటే వెనక్కి పోయేది. మాట లేని కాలు దానికి ఈగ వాలినట్టే. మావటి నోరు తెరిచాడు. అరిస్తే నాలుక పోతుంది, అరవకపోతే ప్రాణం పోతుంది. అతను ఆలోచించుకునేలోగా రెండోదే పోయింది. ఏనుగు ఒళ్ళు విదిలిస్తే పడి, దాని కాళ్ళ కింద, ఒక్క కేక కూడా లేకుండా.

గుండన తోలుచుట్టను ఏనుగు ముందుకు విసిరి పొదల్లో పడ్డాడు. అది తోలును దంతాలతో గుచ్చి, తొక్కి, చీల్చి, మళ్ళీ తొక్కింది. కొన్న తోలు కళ్ళ ముందే పేలికలైపోయింది. గుండన దాని వైపు రెండోసారి చూడలేదు. ముళ్ళకంపల్లోంచి లోయలోకి జారి, రాళ్ళ మీద దొర్లి, వాగు దాటి, అవతలి గుట్ట ఎక్కాడు.

గుట్ట మీంచి ఎర్రగవి కనిపించింది. ఏతపు మాను లేస్తోంది, దిగుతోంది. వాగులోకి ఎర్రనీళ్ళు పడుతున్నాయి. అంటే మంట ఉంది, లోపలివాళ్ళు బతికే ఉన్నారు. కానీ ఎంత నిలబడి విన్నా ఊపిరిమూత బుస వినిపించలేదు.

గని ముఖం దగ్గర పాతికమంది కట్టుబంట్లు వలయంగా నిలబడి ఉన్నారు. గంట కొయ్యకు వేలాడే గంట తెల్లగుడ్డలో మూటలా ఉంది. ఊపిరిమూత మీద అడ్డంగా దుంగ పెట్టి, దాన్ని కొప్పెర చెవులకు మోకులతో బిగించారు. రాగి కొప్పెర సన్నగా వణుకుతోంది. దాని పక్కన నేల మీద ఎవరినో పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. గుడ్డ చివరన రెండు పాదాలు బయటికి ఉన్నాయి. బొగ్గుల మీద తిరిగి తిరిగి నల్లబడిన పాదాలు.

గుండన ఆగలేదు. ఆగితే కట్టుబంటు కాడని తెలిసిపోతుంది. అతను తిన్నగా దళవాయి ముందుకు నడిచి తల వంచాడు.

బొల్లరాజు లావుపాటి మనిషి. జీవితమంతా ఆజ్ఞలు అరుస్తూ బతికినవాడికి ఉదయం నుంచి గుసగుసలాడవలసి రావడంతో మొహం కందిపోయి ఉంది. కొప్పెర వైపు వేలు చూపి, చెవి దగ్గరికి వచ్చి, "ఇంకో కట్టు వెయ్యి. ఇది గింజుకుంటోంది," అన్నాడు.

గుండన తల ఆడించి కొప్పెరకు ఆనించిన నిచ్చెన వైపు వెళ్ళాడు. నిచ్చెన మొదట్లో ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి విభూతి, వేళ్ళకు పాముతలల ఉంగరాలు. జృంభక మాంత్రికుడు.

ఈ ఏతానికి రాగి కావాలని గుండన మొదటిసారి కొలువులో అడిగినప్పుడు సభంతా నవ్వింది. నీళ్ళకు బలమేమిటన్నారు. అప్పుడు జృంభకుడు లేచి, ఆ కొప్పెరలో తాను జలభూతాన్ని బంధిస్తానన్నాడు. నీళ్ళకు ఇవ్వని రాగిని రాజు భూతానికి ఆ పూటే ఇచ్చాడు. గుండన ఊరుకున్నాడు. అతనికి కావలసింది రాగి. నాటి నుంచి దేశానికి ఏతం జృంభకుడిది, గుండన భూతానికి మేత వేసే కూలివాడు.

"ఒరే గుండా, నువ్వేనా?" జృంభకుడి గుసగుస వణికింది. "సమయానికి వచ్చావురా. ఇది ఎంతసేపు ఆగుతుంది?"

"ఆమెకు ఏమైంది?"

"నా తప్పేం లేదు. మూత కడుతుంటే వద్దని చేతులు జోడించింది. దళవాయి వినలేదు. ఇక ఏం చేస్తుంది? పక్కన నీళ్ళు వదిలే బిరడా ఉంది చూడు, దాన్ని కాస్త సడలించి ఆవిరి వదలడం మొదలుపెట్టింది. చప్పుడు రాకుండా తడి గొంగళ్ళు కప్పి, వాటిని ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ అలాగే. మేమంతా ఇక్కడే ఉన్నాం. ఒక్క మూలుగు వినలేదు. పక్కకు ఒరిగాక కదా తెలిసింది."

గుండన చూపు కొప్పెర పక్కనున్న ఆ బిరడా మీదికి పోయింది.

"ఆ బిరడాను వీళ్ళు సుత్తికి గుడ్డ చుట్టి కొట్టి బిగించేశారు. నువ్వేదైనా చెయ్యి. నాకు కాళ్ళు ఆడటం లేదు."

"గనిలోకి మనిషిని దింపలేదేం?"

"నిచ్చెనలు కిర్రుమంటాయని దళవాయి..."

"నీ భూతమేగా, స్వామీ. చెప్పు దానికి, ఊరుకోమని."

జృంభకుడు చెయ్యి వదిలేశాడు.

గుండన నిచ్చెన ఎక్కాడు. పాదాల కింద రాగి దడదడ కొట్టుకుంటోంది. అతుకుల దగ్గర సన్నగా తెల్లటి పొగ కడుతోంది. కింద దళవాయి, బిగించు బిగించు అని చేతులతో సైగ చేస్తున్నాడు. గుండన భుజాన ఉన్న కట్టుబంటు కత్తి తీశాడు. మోకు సగం తెగేదాకా అతనేం చేస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి దుంగ గాలిలోకి ఎగిరింది.

ఊపిరిమూత లేచింది.

ఆ కూతను ఆ దేశం మునుపు విన్న బుసతో పోల్చడానికి లేదు. పొద్దున్నుంచీ అణిచిపెట్టిన ఆవిరంతా ఒక్కసారి బయటపడింది. తెల్లటి స్తంభంలా ఆకాశానికి లేచి, కొండకు కొట్టుకుని, లోయలో దొర్లి, అడవి మీదుగా నది దాకా పోయింది. మోదుగుల మీది చిలుకలు గుంపులుగా లేచాయి. మూతులు కట్టిన కుక్కలు గొంతులోనే ఏడ్చాయి. ఊళ్ళలో నోళ్ళు మూసి ఒళ్ళో పెట్టుకున్న చంటిపిల్లలు తల్లుల చేతులు తోసేసి గుక్కపట్టారు. నది ఒడ్డున చితి ముందు నిలబడిన రాజు కీర్తిమకుటుడు తలెత్తి చూశాడు. గని అడుగున నూకన సుత్తి దించి విన్నాడు. ఊపిరిమూత ఆ తీరుగా కూసిందంటే పైన ఏదో పాడైందని గనివాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు పనిముట్లు వదిలి నిచ్చెనల వైపు పరుగెత్తారు.

గుండన రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. కట్టుబంట్లు అతన్ని కిందికి లాగి మోకాళ్ళ మీద కూలేశారు. మూతిగుడ్డ ఊడిపోయింది.

"కూలివాడు!" బొల్లరాజు గుసగుస మరచిపోయి అరిచాడు. అరిచి, నాలుక కరుచుకుని, అటూ ఇటూ చూశాడు. కత్తి దూశాడు.

జృంభకుడు ఆ చూపును పట్టుకున్నాడు. కొప్పెర పేలలేదని, తాను బతికే ఉన్నానని ఆ క్షణానే అతనికి తెలిసింది. రెండు చేతులూ పైకెత్తి, ఆ కూత మీదుగా గొంతు చించుకుని, "దళవాయీ, కత్తి దించు! ఇది తప్పు కాదు. నా భూతం రాజమాత కోసం ఏడుస్తోంది! మనుషులకు మౌనం పెట్టారు, భూతానికి పెట్టగలరా? అమ్మా హేమలాంబా! విన్నావా తల్లీ!" అని నేల మీద సాగిలపడ్డాడు.

కట్టుబంట్లు ఒకరి వెంట ఒకరు సాగిలపడ్డారు. దళవాయి కూడా కత్తి ఒరలో పెట్టి, పొట్ట అడ్డం వస్తున్నా వంగాడు. అతనికి కూడా అదే మేలు. తానూ అరిచాడు గదా.

"దాంట్లో భూతం లేదు," అన్నాడు గుండన. "నీళ్ళు, నిప్పు. అంతే. మూత నేను విప్పాను."

"నోరు ముయ్యరా. మహాత్ముడి ముందు కూలివాడి కూతలు," అన్నాడు దళవాయి.

"మంట తీసేస్తా, చూడు. ఆగిపోతుంది."

గని ముఖంలోంచి మనుషులు ఒక్కొక్కరే బయటపడుతున్నారు. ఆఖరివాడిగా నూకన వచ్చాక గుండన లేచి, కాలిన చేతులతోనే పార అందుకుని, పొయ్యిలోని బొగ్గులన్నీ బయటికి లాగి నీళ్ళు కుమ్మరించాడు. కూత సన్నబడింది. ఈల అయింది. నిట్టూర్పు అయింది. ఏతపు మాను ఒకసారి లేచి, సగం దిగి, నిలిచిపోయింది. ఇప్పుడైనా తెలిసిందా అన్నట్టు గుండన వెనక్కి తిరిగాడు.

"ఆహా!" అన్నాడు బొల్లరాజు, మళ్ళీ గుసగుసలోకి దిగి. "కన్నీళ్ళు అయిపోగానే మౌనం పాటించింది. మనుషులకు లేని బుద్ధి!"

ఆ నిశ్శబ్దంలో నూకన తెల్లగుడ్డ దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ అంచు ఎత్తి చూశాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ చేతులే. "వదినా!" అన్నాడు. చిన్నగా కాదు. గని గోడల మధ్య ఒకరినొకరు పిలుచుకోవడానికి అలవాటుపడిన గొంతు అది. "వదినా, మమ్మల్ని పైకి రానిచ్చి నువ్వెక్కడికి పోయావే!"

వెనక ఒకడు ఏడ్చాడు. ఇంకొకడు. తరువాత అందరూ. తామెలా బతికారో చూడగానే అర్థమైన మనుషులు మౌనకట్టు ఉందని తెలిసి కూడా, కత్తులు పట్టుకున్న భటుల మధ్య, గుండెలు బాదుకుని ఏడ్చారు. గుండన ఒక్కడే నిలబడి ఉన్నాడు. వాళ్ళ ఏడుపు వింటూ, కనీసం ఇది ఆమెకు దక్కింది అనుకున్నాడు.

అంతలో జృంభకుడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. "చూశావా దళవాయీ, భూతం దుఃఖం వీళ్ళకూ పట్టింది. గని కూడా రాజమాత కోసం ఏడుస్తోంది."

బొల్లరాజు వాళ్ళందరినీ ఒకసారి కలియజూశాడు. ఇన్ని నాలుకలు కోయడం సామాన్యమైన పని కాదు. "అవును," అన్నాడు. "రాజమాత కోసమే. అలాగే విన్నవిస్తాను." వేగుగుర్రం చితి వైపు పరుగెత్తింది.

అది తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. రాజాజ్ఞ చిన్నది. తల్లి కోసం ఏడ్చిన భూతాన్ని చితి దగ్గరికి తీసుకురావాలి. రాజ్యమంతా చూస్తుండగా అది మరోసారి ఏడవాలి. ఇక మీదట ఏటేటా రాజమాత సమాధి ముందు ఏడవాలి. జృంభకుడికి కనకాభిషేకం.

బంట్లు అప్పుడే కొప్పెరను విప్పుతున్నారు. గుండన దళవాయి ముందుకు వచ్చాడు. "ఇది పోతే గని మునిగిపోతుంది. మళ్ళీ ఏతం పెట్టాలంటే..."

"ఏతం ఇక్కడే ఉండనీ. ఆ మాను, గొట్టం, దిమ్మ, నీళ్ళు తోడే సరంజామా అంతా మాకెందుకు? ఏడ్చే భాగం చాలు."

"అయితే నా భార్యను దహనం చేసుకోనీ. ఆ తరువాత మీ ఇష్టం."

"ఏరా, దేశంలో ఉన్నది ఒకటే చితి. ఆ బూడిద చల్లారేదాకా ఇంకో చితి అంటించడానికి వీల్లేదు." ఆ మాట అన్నాక దళవాయికి కాస్త జాలి కలిగినట్టుంది. గుండన భుజం తట్టి, మెత్తగా, "నీ ఇల్లాలు పద్ధతి తెలిసిన మనిషి. చివరిదాకా నోరు విప్పలేదు. రాజుగారితో చెబుతాలే," అన్నాడు.

గుండన కళ్ళు మూసుకుని తెరిచాడు. నూకన వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"అన్నా, వదినను లోపలికి తీసుకుపోతాం. అడుగు మునిగింది గాని, దాని పై అంతస్తు దాకా. ఎర్రరాతి చారలు మెరుస్తుంటాయే, ఆ గదిలో పడుకోబెడతాం. నీళ్ళు ఇంకా అక్కడిదాకా ఎక్కలేదు."

"ఎక్కుతాయి," అన్నాడు గుండన.

"ఎక్కనీ. ఇక ఆ గదిలోకి ఎవడూ రాడు. ఈ రాజూ రాడు, ఆయన కట్టూ రాదు."

గుండన తల ఊపాడు. ఆమెను ఎత్తడానికి తానూ వంగాడు గాని ఉడికిన చేతులు ముడుచుకోలేదు. వాళ్ళే ఎత్తారు. నిచ్చెనల మీద ఒకరి భుజం నుంచి ఒకరి భుజానికి ఆమెను దింపుకుంటూ వెళ్ళారు. కిర్రుమన్న ప్రతి మెట్టునూ పైన నిలబడిన కట్టుబంట్లు విన్నారు. ఒక్కడూ అడ్డం రాలేదు. ఇన్నేళ్ళు ఆమె మంట వేసి ఆరబెట్టిన గదిలోనే ఆమెను పడుకోబెట్టి, ఊటనీరు పాదాలు తాకుతుండగా వాళ్ళు పైకి వచ్చేశారు.

కొప్పెరను ఎనిమిది ఎడ్ల బండి మీదికి ఎక్కించారు. భూతం గుండన చేతి మేత తప్ప తినదని జృంభకుడే చెప్పడంతో, గుండనను కూడా గొలుసుతో బండికి కట్టారు. మెడల్లో గంటలు మోగని ఎడ్లు కదిలాయి. వెనక ఎర్రగవి మీద ఏతపు మాను ఆకాశంలో సగం వంగి నిలిచి ఉంది. వాగులో నీటిధార ఆగిపోయింది.

అడవి దాటి నది వైపు తిరిగేసరికి దూరాన చితి వెలుగు, దాని చుట్టూ చీమల్లా జనం కనిపించారు. రాజ్యమంతా అక్కడే ఉంది, నోరు మూసుకుని. జృంభకుడు బండి వెంట నడుస్తూ గుండన పక్కకు చేరాడు. అతని మొహంలో మళ్ళీ బెదురు కనిపించింది.

"గుండా. రాజుగారి ముందు అది ఏడవకపోతే నా తల ఉండదు. పాత మాటలు మనసులో పెట్టుకోకు. ఏడిపిస్తావు కదూ?"

గుండన చితి వైపే చూస్తున్నాడు.

"ఏడుస్తుంది, స్వామీ," అన్నాడు. "నువ్వు మాత్రం దానికి దగ్గరగా నిలబడు."